సర్జరీ అంటే ప్రాణం, మరి నా ప్రాణం సంగతి? బ్రాంచి ఎంచుకోవడంలో సలహా కావాలి

నిద్రలేని_చుక్క
సోమవారం, రాత్రి 11:52

ఎంబీబీఎస్ చివర చేసే హౌస్ సర్జన్సీ అయిపోవడానికి ఇంకా రెండు నెలలుంది. పీజీ ర్యాంకు వచ్చింది. మరీ గొప్పది కాదు, తీసిపారేసేదీ కాదు. జనరల్ సర్జరీ వస్తుంది. పాథాలజీ, అదే ల్యాబులో ముక్కలు చూసి జబ్బు తేల్చే బ్రాంచి, అయితే కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఆప్షన్లు పెట్టడానికి పది రోజుల గడువుంది.

మొదటిసారి అపెండిక్స్ ఆపరేషన్‌లో నేను చేసిందల్లా కోత తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడడమే. అయినా ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. అంత ఇష్టం నాకు సర్జరీ అంటే.

కానీ మొన్నొక రాత్రి జరిగింది చెప్తాను, తిట్టకండి. డ్యూటీలో 31వ గంట. వార్డులో ఒక పెద్దాయన ఇవాళో రేపో అన్నట్టున్నారు. గడియారం చూశాను. "పోతే ఎనిమిది దాటాక పోతే బాగుండు, ఆ కాగితాలన్నీ తర్వాతి డ్యూటీవాళ్ళు రాసుకుంటారు" అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన 7:20కి పోయారు. కాగితాలు నేనే రాశాను. వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుని "రాత్రంతా మీరే చూసుకున్నారమ్మా" అంది.

నేను చెడ్డదాన్నా, అలిసిపోయానా అన్నది తేలడం లేదు. సర్జరీ తీసుకుంటే ఇంకో మూడేళ్ళు ఇదే బతుకు, ఆ తర్వాతైనా మారుతుందా? పాథాలజీ తీసుకుంటే జీవితమంతా "అది చేసి ఉంటే" అనుకుంటూ ఉండిపోతానా? ఈ దారిలో నడిచినవాళ్ళు ఎవరైనా చెప్పండి.


పాత_స్టెతస్కోప్
సోమవారం, అర్ధరాత్రి 12:20

అమ్మాయ్, ముందుగా ఒకటి. నువ్వు చెడ్డదానివి కాదు. ఆ ఆలోచన రాని డాక్టరు ఉంటే నాకు చూపించు.

ఇక రెండోది నీకు నచ్చకపోవచ్చు. నాకు ఈ వృత్తిలో ముప్పై ఏళ్ళు దాటాయి. మేం 36 గంటలు చేశాం, 48 కూడా చేశాం. పని నేర్చుకున్నది అక్కడే. పుస్తకం నిన్ను డాక్టర్ని చెయ్యదు. ఇప్పటి పిల్లలు చేరకముందే సెలవుల లెక్క అడుగుతున్నారు. సర్జరీ ఇష్టమైతే తీసుకో. కష్టం కొన్నాళ్ళే ఉంటుంది.


మత్తుమందు
సోమవారం, అర్ధరాత్రి 12:41

సార్, గౌరవంతోనే అడుగుతున్నా. ఆ 48 గంటల్లో చివరి పన్నెండు గంటలు ఏం నేర్చుకున్నారో మీకు గుర్తుందా? నాకైతే గుర్తులేదు. గోడకి ఆనుకుని నిలబడి నిద్రపోవడం మాత్రం వచ్చింది.


అంకెలపిచ్చి
మంగళవారం, ఉదయం 6:15

"మేం చేశాం" అన్న మాటకి మూలం ఎక్కడుందో చూస్తే తమాషాగా ఉంటుంది. రెసిడెన్సీ, అంటే మన పీజీలాంటి ఆసుపత్రి శిక్షణ, ఆ పద్ధతికి రూపం ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు విలియం హాల్‌స్టెడ్. 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో సర్జరీ విభాగాన్ని నడిపినాయన. కుర్ర డాక్టర్లు ఆసుపత్రిలోనే నివాసం ఉండాలి, అందుకే రెసిడెంట్ అనే పేరు. అంతకుముందు కొకైన్‌ని మత్తుమందుగా వాడొచ్చా అని తన మీదే ప్రయోగాలు చేసుకుని దానికి బానిస అయ్యాడు, తర్వాత మార్ఫిన్‌కి. గొప్ప సర్జనే, కాదనను. కానీ మన డ్యూటీ చార్టు వెనకాల ఉన్నది ఎవరి దినచర్యో తెలిసి ఉండడం మంచిదే.

నిద్ర గురించి. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు: 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుకి సమానం. 24 గంటలకి అది 0.10 దగ్గరకి పోతుంది. చాలా దేశాల్లో ఆ స్థితిలో బండి నడిపితే పట్టుకుంటారు. మనం మాత్రం ఆ స్థితిలో పేషెంటు పెద్ద సిరలోకి గొట్టం, సెంట్రల్ లైన్, వేస్తాం. 2004లో అమెరికాలో ఐసీయూ ఇంటర్న్‌ల మీద జరిగిన పరిశీలనలో, పాత పద్ధతి పొడుగు డ్యూటీల్లో ఉన్నప్పుడు తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువ. మరుసటి ఏడు వచ్చిన ఇంకో అధ్యయనం, 24 గంటలు దాటిన డ్యూటీ చేసి కారు నడుపుకుంటూ ఇంటికెళ్ళే ఇంటర్న్‌లకి ప్రమాదం జరిగే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువని తేల్చింది.

చుక్క గారూ, డ్యూటీ దిగాక బండి మీరే నడపకండి. మిగతా సలహాలన్నీ తర్వాత.


గోడమీదిపిల్లి
మంగళవారం, ఉదయం 7:02

అందరికీ కష్టాలున్నాయండీ. సాఫ్ట్‌వేర్‌లో మేమూ రాత్రుళ్ళు కూర్చుంటున్నాం.


మత్తుమందు
మంగళవారం, ఉదయం 7:10

కూర్చుంటున్నారుగా. అదే మా కోరిక కూడా.


గాజుపలక
మంగళవారం, మధ్యాహ్నం 1:30

పాథాలజిస్టుని. పదకొండేళ్ళు అయింది. "కళ్ళు మూసుకున్నా వస్తుంది" అన్నావు చూడు, అక్కడ కొంచెం మనసు చివుక్కుమంది. సరే, పర్వాలేదు, నేనూ అలాగే వచ్చాను.

నీకు బయటికి కనిపించేది నిజమే. సాయంత్రం ఐదున్నరకి ఇంట్లో ఉంటాను. రాత్రి ఫోన్ మోగదు. పిల్లవాడి స్కూలు ఫంక్షన్ ఒక్కటి కూడా వదల్లేదు. ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే నమ్మకు.

కనిపించనిది ఇదీ. అవతల థియేటర్లో మనిషి కడుపు తెరిచి ఉంటుంది. సర్జన్ ఒక చిన్న ముక్క పంపిస్తాడు, ఫ్రోజెన్ సెక్షన్‌కి, అంటే గడ్డకట్టించి అప్పటికప్పుడు కోసి చూడడానికి. క్యాన్సరా కాదా, అంచు దాకా పాకిందా లేదా, ఇరవై నిమిషాల్లో చెప్పాలి. ఒక్కోసారి నా మాట మీద ఒక రొమ్ము ఉంటుందో పోతుందో తేలుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో నా గుండె కొట్టుకునేది ఏ సర్జన్‌కీ తీసిపోదు. రెండోది, మీ తప్పు ఆ రాత్రే బయటపడుతుంది. నాది ఆరు నెలలాగి తిరిగొస్తుంది, ఒక పాత స్లైడు రూపంలో, పక్కన ఇంకొకరి రిపోర్టుతో. గంటలు తక్కువే గానీ మోసుకుపోయే బరువు తక్కువేం కాదు.

పోగొట్టుకున్నదీ ఉంది. ఆ అమ్మాయి నీ చెయ్యి పట్టుకుందన్నావు. పదకొండేళ్ళలో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. నేను చూసిన వేలమందిలో ఒక్కరికీ నా పేరు తెలియదు. నాకు అది సరిపోయింది, మాటకారిని కాదు. నీ పోస్టు చదివితే మాత్రం నువ్వు దాని మీదే బతికే మనిషివనిపించింది. అందుకని అలసటతో పాథాలజీకి రాకు. ఇష్టమైతే రా.


ఇంటావిడ
మంగళవారం, రాత్రి 9:48

నేను డాక్టర్ని కాదు. మా ఆయన సర్జన్. ఈ చర్చ ఆయనే చూపించారు, ఆయన నిద్రపోయాక రాస్తున్నాను.

అందరూ గంటల గురించి మాట్లాడుతున్నారు. మా ఇంట్లో గొడవ ఎప్పుడూ గంటల గురించి రాలేదు. ఎనిమిదికి వస్తానని పదకొండుకి రావడం గురించి వచ్చింది. పదకొండుకి వస్తానని పొద్దునే చెబితే నేనూ పిల్లా తినేసి, ఆడుకుని, పడుకుంటాం, మాకేం బాధ లేదు. ఎనిమిదన్నారు కాబట్టి కిటికీ దగ్గర కూర్చుంటుంది అది. తొమ్మిదికి నిద్ర ఆపుకుంటుంది. పదికి ఏడుపు మొదలు.

ఇంకోటి. ఇంటికొచ్చాక కూడా ఆయన రారు. ఒళ్ళు సోఫాలో ఉంటుంది, చెవి ఫోన్ మీద ఉంటుంది. ఆపరేషన్ చేసిన మనిషికి మూత్రం వచ్చిందా లేదా, జ్వరం ఎంత. నాలుగేళ్ళు ఇలాగే నడిచింది. తర్వాత ఆయన, ఇంకో ముగ్గురు సర్జన్లు కలిసి వంతులు వేసుకున్నారు. ఎవరి వంతు రాత్రి వాళ్ళు నలుగురి పేషెంట్లనీ చూస్తారు. మొదట్లో మా ఆయనకి నచ్చలేదు, "నా పేషెంటుని వాడెందుకు చూడాలి" అనేవారు. ఆర్నెల్లు పట్టింది ఆ మాట పోవడానికి. ఇప్పుడు నాలుగు రోజులకొక రాత్రి పోతుంది, మిగతా మూడూ మావే. మనిషి అదే, బ్రాంచి అదే, కత్తి అదే.


నిద్రలేని_చుక్క
మంగళవారం, రాత్రి 10:30

గాజుపలక అక్కా, సారీ, ఆ మాట అలా అనకుండా ఉండాల్సింది. ఇంటావిడ గారూ, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు, కాసేపాగి "అతను ఎప్పుడు నిద్రపోతాడట?" అని అడిగింది.

నేను సర్జరీ వర్సెస్ పాథాలజీ అని అడిగాను. ప్రశ్నే తప్పుగా అడిగానేమో అనిపిస్తోంది.


పరుగులగది
బుధవారం, తెల్లవారుజాము 4:05

ఎమర్జెన్సీ మెడిసిన్. ఇప్పుడు డ్యూటీలోనే ఉన్నా, కాస్త ఖాళీ దొరికింది.

మా బ్రాంచి గురించి అందరూ భయపడతారు గానీ డ్యూటీ ముగియడం అన్నది నిజంగా ఉన్నది మాకే. షిఫ్టు అయిపోతే అయిపోయినట్టే. తర్వాతి డాక్టరు వస్తాడు, మంచం మంచానికీ తిరిగి అప్పజెప్తాను, ఫోన్ ఆపేసి పడుకుంటాను. ఇంటికి ఏ పేషెంటూ రాడు. దానికి చెల్లించే మూల్యం వేరు: నేను బతికించి పైకి పంపినవాడు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడా లేదా నాకు తెలియదు. కథల్లో మొదటి అధ్యాయాలే చదువుతాను.

శరీరం సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు రాత్రి షిఫ్టు తర్వాత ఒక్కపూట నిద్రతో తేరుకునేవాణ్ణి. ఇప్పుడు నలభై మూడు, రెండ్రోజులు పడుతోంది. పగలు రాత్రి మారుతూ ఉండే షిఫ్టులకి ఒళ్ళు ఎప్పటికీ అలవాటు పడదు, అలవాటైందని మనం అనుకుంటాం. బ్రాంచి ఎంచుకునేటప్పుడు ఇరవై నాలుగేళ్ళ ఒంటితో ఎంచుకోవద్దు. ఆ విభాగంలో యాభై ఏళ్ళవాళ్ళు రాత్రి రెండింటికి ఏం చేస్తున్నారో ఒకసారి చూసి రా.

వస్తా, అంబులెన్స్ వచ్చింది.


బయటికొచ్చినవాడు
బుధవారం, ఉదయం 11:20

నేను పీజీ రెండో ఏడాదిలో మానేశాను. ఇప్పుడు మందుల మీద జరిగే ట్రయల్స్ రిపోర్టులు రాసే పనిలో ఉన్నాను. వారానికి ఐదు రోజులు, పగటిపూట.

మానేసినవాళ్ళు రెండు రకాల కథలు చెప్తారు, స్వర్గమనో, తప్పు చేశాననో. నాది రెండూ కాదు. మొదటి ఏడాదంతా డ్యూటీ లేకపోయినా మూడింటికి మెలకువ వచ్చేది. ఎవరైనా "ఏం చేస్తుంటారు" అంటే నోరు తడబడేది, "డాక్టర్ని, కానీ..." అని మొదలుపెట్టేవాణ్ణి. ఆ "కానీ" పోవడానికి మూడేళ్ళు పట్టింది. డెడ్‌లైన్లు ఇక్కడా ఉన్నాయి, టెన్షన్ ఇక్కడా ఉంది. ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు, అంతే తేడా. నాకు ఆ తేడా చాలు.

బర్నౌట్ అన్న మాట ఇప్పుడు అందరూ వాడేస్తున్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వ్యాధిగా కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా రాసింది. దానికి మూడు గుర్తులు. శక్తంతా ఇంకిపోవడం. పని మీద దూరం, వెటకారం పెరగడం. పని సరిగా చెయ్యలేకపోతున్నానన్న భావన. మీరు రాసిన 7:20 సంగతి రెండోదానిలాగే ఉంది, కానీ మీ మీద మీకే అసహ్యం వేసిందంటున్నారు కాబట్టి ఇంకా అక్కడికి చేరలేదు. నాకైతే అలాంటి ఆలోచన వచ్చి ఏమీ అనిపించని రోజొకటి వచ్చింది. ఆ వారమే రాజీనామా రాశాను. మీకు అలాంటి రోజు వస్తే బ్రాంచి సలహా కోసం ఇక్కడికి రాకండి, ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి. డాక్టర్లం కదా అని మనం చివర్లో వెళ్తాం.


పాత_స్టెతస్కోప్
బుధవారం, రాత్రి 8:55

నా మీద చాలా మంది పడ్డారు, పడండి. కానీ నేనన్నది పూర్తిగా వినలేదు.

ఒక కడుపునొప్పి కేసు వస్తుంది. సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి. రాత్రి పదకొండుకి కుడివైపు కిందకి దిగుతుంది. మూడింటికి చెయ్యి వెయ్యనివ్వడు. అయిదింటికి "తగ్గిందండీ" అంటాడు. తగ్గలేదు, అపెండిక్స్ పగిలింది, పగిలాక కాసేపు అలా హాయిగా ఉంటుంది. ఈ నాలుగూ నాలుగు షిఫ్టుల వాళ్ళు చూస్తే నలుగురికీ నాలుగు ఫొటోలు దొరుకుతాయి. ఒకే చెయ్యి నాలుగుసార్లు ఆ కడుపు మీద పడాలి. నేను చెప్పింది ఆ చదువు గురించి.

అంకెలాయన ఒక సగమే చెప్పారు. 1984లో న్యూయార్క్‌లో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటల్లో చనిపోతే, అలిసిపోయిన రెసిడెంట్ల గురించి గొడవై, 1989లో ఆ రాష్ట్రంలో వారానికి 80 గంటల పరిమితి వచ్చింది. 2003లో దేశమంతా పెట్టారు. 2011లో మొదటి ఏడాదివాళ్ళకి ఏకబిగిన 16 గంటలే అన్నారు. మరి 2017లో మళ్ళీ 24కి ఎందుకు పెంచారో అడగండి.

ఇంకా ఒకటి ఒప్పుకుంటాను. ముప్పయ్యో గంటలో ఇన్సులిన్ పది యూనిట్లు రాశాను, పక్కన యూ అక్షరం సున్నాలా పడింది. వంద అయింది. నర్సమ్మ "ఇదేంటి సార్" అని తెచ్చి చూపించింది. ఆవిడ లేకపోతే నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు. రాత్రంతా ఉండు, చూడు. కానీ ఇరవై నాలుగు దాటాక పెన్ను పట్టుకోకు. ఇంతకంటే నేను దిగను.


అంకెలపిచ్చి
బుధవారం, రాత్రి 9:30

సార్ అన్నది నిజం. గంటలు తగ్గించాక పేషెంటు ఒక డాక్టరు నుంచి ఇంకొకరికి చేతులు మారడం పెరిగింది. 2016లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, కట్టుదిట్టమైన పరిమితులున్న చోటా, సడలించిన చోటా సర్జరీ పేషెంట్ల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అయితే రెండు చోట్లా 80 గంటల గరిష్ఠం ఉంది, అది మర్చిపోవద్దు. ఆ 80 కూడా నాలుగు వారాల సగటు. ఒక వారం 95 చేయించి ఇంకో వారం తగ్గించినా కాగితం మీద సరిపోతుంది. యూరప్‌లో వారానికి సగటు 48 గంటలు, రోజుకి వరసగా 11 గంటల విశ్రాంతి. ట్రైనీ డాక్టర్లకి 2009 నుంచి పూర్తిగా వర్తించింది.

చేతులు మారడంలోనే జారిపోతోందంటే, ఆ మారడాన్ని బాగు చెయ్యాలిగా. తొమ్మిది ఆసుపత్రుల్లో అప్పగింతని ఒక వరస ప్రకారం నేర్పారు, ఐ-పాస్ అంటారు: జబ్బు ఎంత తీవ్రం, క్లుప్తంగా కథ, చెయ్యాల్సిన పనులు, తేడా వస్తే ఏం చెయ్యాలి, విన్నవాళ్ళు తిరిగి చెప్పడం. పొరపాట్లు 23 శాతం తగ్గాయి, 2014లో ప్రచురించారు. ఎవరి గంటలూ మార్చలేదు. చెప్పే పద్ధతి మార్చారంతే.


మత్తుమందు
బుధవారం, రాత్రి 10:12

ఇంటావిడ గారు చెప్పిందీ, పరుగులగది చెప్పిందీ, సార్ చెప్పిందీ కలిపి చూస్తే నాకొకటే కనిపిస్తోంది. నువ్వు గేటు దాటాక ఆ పేషెంటు ఎవరివాడు? "నీవాడే" అని సమాధానం వచ్చే చోట వారానికి 40 గంటలు చేసినా 168 గంటలు డ్యూటీయే. చుక్కా, ఆ రాత్రి నీకొచ్చిన ఆలోచన కూడా అదేగా, ఎనిమిదికి ఎవరి చేతికి పోతాడు అని.

మత్తు ఇచ్చే మా అనస్థీషియాలో ఇది సులువు. మెలకువ వచ్చి, ఊపిరి సరిగా తీసుకుని, రికవరీలో అప్పజెప్పాక నా పని అయిపోతుంది. అలాగని ఆరామమనుకోవద్దు. సర్జన్ ఆ రోజు ఆపరేషన్ల లిస్టు ఎప్పటికైతే నా సాయంత్రం అప్పటికి. గంటల తరబడి ఏమీ జరగదు, తర్వాత తొంభై సెకన్లలో అన్నీ జరుగుతాయి. థియేటర్ వాసన లేకుండా బతకలేననుకుంటే ఇది కూడా ఒక దారి, చూసుకో. మత్తెక్కే ముందు పేషెంటు మాట్లాడే ఆ పది నిమిషాలూ నిన్నే చూస్తాడు, భయంగా. చేతులు పట్టుకుంటారు కూడా.

జనరల్ మెడిసిన్ వైపు కూడా ఇలాంటి మార్పు వచ్చింది. 1996లో అమెరికాలో హాస్పిటలిస్ట్ అనే మాట పుట్టింది, వార్డు మాత్రమే చూసే డాక్టరు. ఏడు రోజులు పని, ఏడు రోజులు సెలవు అని చాలా చోట్ల నడుస్తుంది. బ్రాంచి పేరు చూసి జీవితం ఊహించుకునే రోజులు కావివి.


గోడమీదిపిల్లి
బుధవారం, రాత్రి 10:20

ఏడు రోజులు సెలవా! నిన్న పొద్దున్నన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, నేనే మళ్ళీ ఎంట్రన్స్ రాస్తా.


గాజుపలక
గురువారం, మధ్యాహ్నం 2:10

ఒక ఆచరణ మాట. చేరబోయే విభాగానికి వెళ్ళి హెచ్‌ఓడీని, అంటే విభాగం పెద్దని, అడగకు, ఆయన "మా దగ్గర అంతా బాగుంటుంది" అంటారు. మూడో ఏడాది రెసిడెంట్‌ని ఒంటరిగా దొరికినప్పుడు అడుగు. ఎన్ని రాత్రులకొకసారి డ్యూటీ, మర్నాడు నిజంగా ఇంటికి పంపుతారా, గంటలు పుస్తకంలో ఉన్నవే చేస్తున్నారా. గత ఐదేళ్ళలో ఎంతమంది మానేశారో కూడా అడుగు. చేరి మానేయడం వేరు, చేరకముందే ఆగడం వేరు. బయటికొచ్చినవాడు గారికి తెలుసు.


నిద్రలేని_చుక్క
మరుసటి బుధవారం, అర్ధరాత్రి 1:31

అందరికీ ఒకేసారి చెప్తున్నా. ఆప్షన్లకి రేపు సాయంత్రం వరకే గడువు.

రెండు ఆసుపత్రుల సర్జరీ విభాగాలకి వెళ్ళొచ్చాను. మొదటిచోట మూడో ఏడాది అన్నని అడిగితే నవ్వి "పోస్ట్ డ్యూటీ ఆఫా? విన్నాను దాని గురించి" అన్నాడు. అప్పగింత ఎలా చేస్తారంటే వాట్సాప్‌లో మెసేజ్ పెడతామన్నాడు. చూపించమన్నాను. "బెడ్ 6 చూస్కో" అని ఉంది. అంతే ఉంది.

రెండోచోట పెద్ద పేరున్న ప్రొఫెసర్లు లేరు, కేసులూ అన్ని రావు. కానీ పొద్దున్న ఏడున్నరకి ఇద్దరు మంచం మంచానికీ తిరుగుతున్నారు, చేతిలో అచ్చువేసిన షీటు. దిగిపోయే అక్క చెప్పింది, ఎక్కే అతను తిరిగి చెప్పాడు. ఒకచోట తప్పు చెప్తే ఆపి మళ్ళీ చెప్పించింది. ఎనిమిదీ పదికి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు వెనక్కి చూడలేదు. నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

మొదటి ఆప్షన్ ఆ రెండోచోట సర్జరీ పెట్టాను. తర్వాత అనస్థీషియా. మొదటిచోటు అసలు పెట్టలేదు, అక్కడైతే చాలా నేర్చుకునేదాన్ని, అది తెలిసే వదిలేశాను. పాథాలజీ పెట్టలేదు అక్కా, నువ్వన్నట్టే. భయం పోలేదు. పీజీ అయ్యాక ఇంటావిడ గారి ఆయనలా నలుగురు దొరుకుతారో లేదో కూడా తెలియదు.


ఇంటావిడ
మరుసటి బుధవారం, అర్ధరాత్రి 1:36

దొరకరమ్మా. ఒక్కొక్కరినీ ఒప్పించాలి. మా ఆయనకి రెండేళ్ళు పట్టింది, ఒకతను ఇప్పటికీ సరిగా ఒప్పుకోలేదు.


పాత_స్టెతస్కోప్
మరుసటి బుధవారం, అర్ధరాత్రి 1:40

మొదటిచోటు వదిలేయడం తప్పనే నా అభిప్రాయం, రాసి పెట్టుకో. సరే, నిర్ణయం నీది. టైమెంతైందో చూశావా? ఫోన్ పక్కన పెట్టి పడుకో.


నిద్రలేని_చుక్క
మరుసటి బుధవారం, అర్ధరాత్రి 1:42

డ్యూటీలో ఉన్నాను సార్.


పాత_స్టెతస్కోప్
మరుసటి బుధవారం, అర్ధరాత్రి 1:43

ఎన్నో గంట?